ఏడో గేరు పడటం లేదు

కొండాపూర్,
9 జూన్ 2025

మామయ్యకు నమస్కారం.

యశస్విని రాస్తున్నాను. పెళ్ళయిన ఆరేళ్ళలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేద్దామంటే మీకు వినపడదు. వాట్సాప్ అందామంటే మీది బటన్ల ఫోను. పోయినసారి వికారాబాద్ వచ్చినప్పుడు మీ సైకిల్ షాపు ముందు నేను గొంతు చించుకుని అరిస్తే పక్క షాపులవాళ్ళంతా బయటికొచ్చి చూశారు, మీరు మాత్రం చూడలేదు. అందుకే ఇలా. పెన్ను పట్టి ఏళ్ళయింది, చేతిరాత చూసి నవ్వకండి.

ముందు ఒక మాట. మార్చిలో నితీష్ ఉద్యోగం పోయింది. టీము మొత్తాన్ని ఒక్క పూటలో తీసేశారు. మీకు చెప్పొద్దన్నారు, నేను చెప్పేస్తున్నాను. ఉద్యోగం గురించి నాకంత బెంగ లేదు, నాది ఉంది కదా. బెంగంతా మనిషి గురించే. మూడు నెలలుగా ఇల్లు కదలట్లేదు. పొద్దున ఎనిమిది నలభైకి ఆయన పాత ఆఫీసు బస్సు మా గేటు ముందే ఆగుతుంది. హారన్ వినపడగానే బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంటారు. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తారని కిందికి దిగరు. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు.

పోయిన వారం మా అసోసియేషన్ వాళ్ళు నోటీసు అంటించారు, సెల్లారులో వాడకుండా పడున్న సైకిళ్ళను పాత సామానుకు వేసేస్తామని. ఏదో మాటవరసకు చెప్పాను. అప్పటికప్పుడు లేచి వెళ్ళి, ఆయన పాత గేర్ల సైకిల్‌ని లిఫ్టులో నిలబెట్టి పన్నెండో అంతస్తుకు తెచ్చేశారు! పెళ్ళయ్యాక దాన్ని మీ దగ్గర్నుంచి ఎందుకు తెచ్చుకున్నారో, తెచ్చి ఒక్కసారైనా ఎందుకు ఎక్కలేదో నాకు తెలియదు. కడిగారు, గాలి కొట్టారు. మర్నాడు తెల్లారగానే బొటానికల్ గార్డెన్ దాకా తొక్కుకుంటూ వెళ్ళారు. నేను పాలు పొంగించి పాయసం చేద్దామనుకున్నాను, నమ్మండి. అరగంటలో తిరిగొచ్చి, "ఏడు పడుతలేదు. దాని సంగతి మా నాన్నకే తెలుసు" అని సైకిల్‌ని గోడ వైపు తిప్పి పెట్టేశారు. మళ్ళీ ముట్టుకోలేదు.

మీ పనితనం మీద ఆయనకు ఎంత గురి! అందుకే రాస్తున్నాను. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని చేస్తాను కాబట్టి లక్షణాలు వరసగా చెప్తాను. వెనక ఏడు పళ్ళచక్రాలు. ఒకటి నుంచి ఐదు దాకా బాగానే పడుతుంది. ఆరు, ఏడు వేస్తే హ్యాండిల్ దగ్గర మీట క్లిక్కుమంటుంది, చైన్ మాత్రం కదలదు. అప్పుడు కేబుల్ వదులై ఊగుతోంది. అంతే, ఇంకేం తెలియట్లేదు.

ఏం చెయ్యాలో చెప్పండి. ఆయన మళ్ళీ ఇంట్లోంచి బయట కాలు పెట్టాలి, నాకు కావలసిందదే. గచ్చిబౌలిలో మా ఆఫీసు చిరునామాకు రాయండి. నేను రాసినట్టు ఆయనకు తెలియదు.

మీ కోడలు,
యశస్విని


వికారాబాద్,
14 జూన్

బిడ్డ యశస్వినికి మామ బాలనర్సయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పోస్టుమేన్ కూడా పరేషాన్ అయిండు, నాకు బ్యాంకు కాగితాలు తప్ప ఏమొస్తయి అని. వాని కొలువు పోయిన సంగతి చదివి నిన్న దుకాణం తెరవబుద్ధి కాలేదు. తెరిచి మాత్రం ఏం చేస్తున్న లే. రెండేండ్ల కింద జ్వరమొచ్చి చెవులు పోయినప్పటి సంది గేర్ల బండి ముట్టుకుంటలేను. పంక్చర్లు, గాలి, అంతే. గేర్ అన్నది కంటితోని చేసే పని కాదు బిడ్డా. బండిని తలకిందులు పెట్టి, పెడల్ తిప్పుకుంట చెవి పెట్టాలె. ఎక్కడ గీకుతున్నది, ఎక్కడ ఆగుతున్నది, అదే చెప్తది. ఇప్పుడు అది ఎంత చెప్పినా నాకు అందదు. చెవిల మిషిన్ పెట్టుకుంటే తేనెటీగలు తిరిగినట్టు గుయ్యిమంటది, తీసి పెట్టిన.

ఇగ నీ బండి. పాత బండికి ముందుగాల చూడాల్సింది కేబులే. లోపల ఇన్నర్ వైరు తుప్పు పట్టి ఉంటది, పైన ఔటర్ వంకరపోయి ఉంటది. రెండూ మార్పించు. మార్చినంక ఆరు, ఏడు ఏసినప్పుడు ఏం చప్పుడొస్తదో విని రాయి. టక్కుమంటదా, కిర్రుమంటదా, ఉత్తగ ఉంటదా. నీ చెవులే నాకిప్పుడు.

వాడు నా గురించి ఇంకేమన్న అన్నడా? దాని సంగతి నాకే తెలుసు అన్నడని రాసినవు. నవ్వుకుంట అన్నడా, మామూలుగ అన్నడా?

ఫికర్ చెయ్యకు. వానికి పప్పుచారు చెయ్యి, చింతపండు జర ఎక్కువెయ్యి, వాళ్ళమ్మ గట్లనే చేస్తుండె.

బాలనర్సయ్య


కొండాపూర్,
22 జూన్

మామయ్యకు నమస్కారం.

మీ ఉత్తరం మా ఆఫీసులో పెద్ద విశేషమైపోయింది. సెక్యూరిటీ ఆయన ఇన్లాండ్ లెటర్ చూసి పదేళ్ళయిందట, నాకిచ్చే ముందు రెండువైపులా తిప్పి చూసుకున్నాడు.

కేబుల్ మార్పించాను. నిన్న శనివారం నేనే సైకిల్ నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. ఇక్కడ సైకిల్ షాపంటే మీ షాపులా ఉండదు. ఏసీ, అద్దాలు, ఓ మూల కాఫీ కూడా అమ్ముతారు. రవికిరణ్ అని ఓ కుర్ర మెకానిక్ ఉన్నాడు. సైకిల్ని చూసి "ఆంటీ, ఇది మ్యూజియంలో పెట్టాలె" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళకే ఆంటీనట! నోరు మూసుకుని కొత్త ఇన్నర్, కొత్త ఔటర్ వేయించాను. ఏమీ లాభం లేదు. ఐదు దాకా టక్, టక్, టక్ అని శుభ్రంగా పడుతుంది. ఆరు వేస్తే మీట దగ్గర చిన్న టిక్, వెనక ఏమీ లేదు. ఏడు వేసినా అంతే. ఉత్తగ ఉంది, మీ మాటలో చెప్పాలంటే.

ఇంకో సంగతి. తలుపు దగ్గర నన్ను సైకిల్‌తో చూసి "ఎక్కడికి?" అన్నారు నితీష్. నోరు జారాను, "మామయ్య కేబుల్ మార్పించమన్నారు" అని. మూడు నెలల్లో మొదటిసారి నవ్వారు మామయ్యా! "కేబులా? కేబులేనట్నా?" అని రెండుసార్లు అడిగి మరీ నవ్వారు. నేనూ పిచ్చిదానిలా నవ్వాను. కానీ నవ్వుతూనే లోపలికి వెళ్ళి పడుకున్నారు, సాయంత్రం దాకా లేవలేదు. ఇందులో నవ్వేదేముందో, నవ్వాక ముసుగేసుకునేదేముందో నాకర్థం కాలేదు. మీకేమైనా తెలుసా?

రవికిరణ్ వెనక చక్రం పక్కన చైన్‌ని అటూ ఇటూ జరిపే గేర్ సెట్ దగ్గర రెండు చిన్న స్క్రూలు చూపించాడు. ఒకదాని నెత్తిన ఎర్రచుక్క ఉంది, ఎండి పెచ్చులు లేచింది. అది తిప్పి చూద్దామా అన్నాడు. మిమ్మల్ని అడక్కుండా వద్దన్నాను. ఆ చుక్కేమిటి?

పప్పుచారు చేశాను. రెండోసారి వడ్డించుకున్నారు.

యశస్విని


వికారాబాద్,
28 జూన్

బిడ్డా,

ముందు ఒకటి నిజం చెప్పు. ఈ ఉత్తరాలు వాడే నీతోని రాయిస్తున్నడా? నన్ను పరీక్ష పెడ్తున్నడా? కేబుల్ అంటే వాడు ఎందుకు నవ్విండు? అట్లయితే సీదా చెప్పు, నేనేం అనుకోను. పెద్దోడయిండు, అడిగే హక్కు వానికున్నది. నడుమ నిన్ను పెట్టుడు మాత్రం బాగలేదు.

ఆ ఎర్రచుక్క స్క్రూను ఎవ్వరినీ ముట్టనీయకు. అది నా పద్ధతి. నా చేతిల సెట్టయిన ప్రతి స్క్రూ మీద ఒక చుక్క పెడత. మీ అత్త సక్కుబాయి ఎవరిదో పెండ్లికని ఎర్ర గోళ్ళరంగు కొనుక్కున్నది. ఒక్కసారి పెట్టుకొని సిగ్గయి తుడిచేసుకున్నది. ఆ సీసా దుకాణానికి తెచ్చుకున్న. చుక్క ఉన్నదంటే బాలనర్సయ్య చూసిండు, ఇగ దానికి జవాబుదారీ బాలనర్సయ్యే అని మా తాలూకా మొత్తం ఎరుక. ఇంకొక మెకానిక్ దాన్ని తిప్పడు. ఆ ఏసీ దుకాణపోనికి చెప్పు.

ఇప్పుడు రెండు చూడు. ఒకటి, గేర్ సెట్ బండికి తగిలించే హ్యాంగర్. బండి ఎన్నడన్న పక్కకు పడితే అది లోపటికి వంగుతది, అప్పుడు చిన్న చక్రాలు అందవు. వెనక నిలబడి చూస్తే తెలుస్తది. రెండు, మీట లోపట పాత గ్రీజు గట్టిపడి ఉంటది. కిరసనాయిలుతోని కడిగి కొత్త నూనె ఏయించు.

వాన్ని దిగుడు రోడ్ల మీదికి పోనియ్యకు. నా తమ్ముడు ఓంకార్ సంగతి నీకు చెప్పిన్రో లేదో. అనంతగిరి ఘాటు దిగుకుంట పానం ఇడిసిండు, ఇరవై నాలుగేండ్లకు. ఆ బండి నేనే కట్టిచ్చిన. ఇప్పటికి కూడ ఎవరన్న గేర్ల బండి తెచ్చి, "సేటూ, మస్తు ఉరకాలె" అంటే వేరే దుకాణం చూసుకోమంట.

బాలనర్సయ్య


కొండాపూర్,
9 జూలై

మామయ్యకు,

మీ ఉత్తరం చదివి మూడు రోజులు ఊరుకున్నాను, కోపంలో ఏదైనా రాస్తానేమోనని. మీ అబ్బాయి నాతో రాయించట్లేదు. ఆయన నాతో ఉప్పందుకో అని కూడా అనట్లేదు, ఇంక ఉత్తరాలు రాయిస్తారా? నేను మిమ్మల్ని అడిగింది సైకిల్ గురించి. పరీక్షలేమిటి, హక్కులేమిటి? మీ ఇద్దరి మధ్య ఏముందో నాకు తెలియదు. పెళ్ళయిన కొత్తలో అడిగితే "మాకు మాటలు తక్కువ" అన్నారాయన. అంతేనేమో అనుకున్నాను.

మీరు చెప్పినవన్నీ చేయించాను. హ్యాంగర్ వంగలేదు, రవికిరణ్ కొలిచి చూపించాడు. మీట విప్పి కిరసనాయిలుతో కడిగాడు. మార్పు లేదు. అప్పుడతను ఏం చేశాడంటే, వెనక కేబుల్ పూర్తిగా ఊడదీసేశాడు. "ఇప్పుడు కేబులే లేదు కదా ఆంటీ, స్ప్రింగ్ లాగితే చైన్ దానంతట అదే చిన్న చక్రం మీద పడాలె" అని పెడల్ తిప్పాడు. చైన్ ఐదు దగ్గరే ఆగిపోయింది. అంటే కేబుల్ తప్పు కాదు, మీట తప్పు కాదు, దేన్నో అడ్డం పెట్టినట్టు అక్కడ ఆగుతోంది. ఈ పరీక్ష రెండు నిమిషాల పని. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవారు, ఇది నాకు మొదటి ఉత్తరంలోనే ఎందుకు చెప్పలేదు? మా ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే, తెలిసే దాచారంటాను. మిమ్మల్ని అలా అనలేను. పెద్దవారయ్యారు, మరిచిపోయి ఉంటారు.

మిగిలింది మీ చుక్క పెట్టిన స్క్రూ ఒక్కటే. మీరు వద్దన్నారని దాన్ని ముట్టనివ్వలేదు. అతను నన్ను విచిత్రంగా చూశాడు.

ఇక్కడ సంగతులు బాగాలేవు. మొన్న వీడియో కాల్లో ఐదో ఇంటర్వ్యూ అయింది. బాగా చేశానన్నారు. సాయంత్రానికి వద్దని మెయిలొచ్చింది. అప్పట్నుంచి బాల్కనీలో సైకిల్ పక్కన నేలమీద కూర్చుంటున్నారు, నేను ఇంట్లో ఉన్నంతసేపూ. మాది పన్నెండో అంతస్తు మామయ్యా. నేను రోజూ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు బాల్కనీ తలుపుకు తాళం వేసి, తాళంచెవి బ్యాగులో వేసుకుని వెళ్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్తున్నాను. మీటింగ్ మధ్యలో బ్యాగులో చెయ్యి పెట్టి తాళంచెవి ఉందో లేదో తడుముకుంటాను.

ఆ స్క్రూ తిప్పించమంటారా?

యశస్విని


వికారాబాద్,
15 జూలై

బిడ్డా,

తిప్పించకు.

బండి పాతదైంది. దాని బతుకు అయిపోయింది అనుకొని అమ్మెయ్యి. వానికి ఇంకో మంచిది కొనిద్దాం, నేనే చూసి చెప్త. గేర్లు లేనిది కొందాం, ఊర్కె తొక్కుకుంట తిరగనీకి ఏడు చక్రాలు ఎందుకు?

తాళం సంగతి చదివిన. వాన్ని ఒంటరిగ ఉంచకు. మీ అమ్మను రమ్మను ప్రొద్దుటూరు నుంచి.

ఇంతకన్న రాయలేను ఇయ్యాల.

బాలనర్సయ్య


కొండాపూర్,
21 జూలై

మామయ్యకు,

మా అమ్మను రమ్మంటారు. మీరెందుకు రారు? వికారాబాద్ నుంచి ఇక్కడికి రైల్లో గంటన్నర. కన్నకొడుకు బాల్కనీకి తాళం వేసి వెళ్తున్నానని రాస్తే, సైకిల్ అమ్మెయ్యమని సలహా ఇస్తారా?

కొత్తది కొనలేక మిమ్మల్ని అడిగానా? ఈ నాలుగు నెలల్లో ఆయన తనంతట తాను ముట్టుకున్న వస్తువు అదొక్కటే. టీవీ ముట్టుకోలేదు, ఫోను ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోలేదు. దాన్నే తెచ్చుకున్నారు, కడుక్కున్నారు. ఏడు పడట్లేదని చెప్పి, మీకే తెలుసన్నారు. నేనది మీ మీద నమ్మకం అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ మళ్ళీ ఆలోచిస్తుంటే అలా అనిపించట్లేదు.

మీకు ఏదో తెలుసు. నాకు చెప్పట్లేదు. చెప్పకపోతే నేను రెండో తేదీ శనివారం షాపుకు వెళ్ళి ఆ స్క్రూ తిప్పించేస్తాను, మీ తాలూకా ఏమనుకున్నా సరే.

తప్పుగా రాస్తే మన్నించండి.

యశస్విని


వికారాబాద్,
24 జూలై

బిడ్డా,

ఈ ఉత్తరం ఆఫీసుకు కాదు, ఇంటికే రాస్తున్న. వాని చేతుల పడితే పడనీ.

కేబుల్ కాదు. హ్యాంగర్ కాదు. మీట కాదు. నువ్వు మొదటి ఉత్తరంలనే రాసినవు, ఆరు, ఏడు ఏస్తే వైరు వదులై ఊగుతదని. వైరు వదులైందంటే దాని పని అది చేసినట్టే. గేర్ సెట్టును ఇంకేదో ఆపుతున్నది. ఈ పని తెలిసినోడు ఎవడైనా ఆ ఒక్క ముక్కతోని చెప్తడు. నేను చదివిన, నాకు తెలిసింది, తెలిసి నిన్ను నెలన్నర కొండాపూర్ అంతా తిప్పిన.

చుక్క పెట్టిన ఆ స్క్రూ బిగించింది నేనే. చైన్ ఎంత దూరం పోవాలె, ఎక్కడ ఆగాలె అని హద్దు పెట్టేది అదే. లోపటికి బిగిస్తే చిన్న చక్రాలు అందవు.

2011 డిసెంబర్. నితీష్‌కు పందొమ్మిదేండ్లు. సైకిల్ పోటీలల్ల స్టేట్ టీముకు సెలక్షన్ గచ్చిబౌలి దిక్కు ఉండె, ఔటర్ రింగురోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద. ముందురోజు వాడు తొవ్వ మొత్తం చూసొచ్చి మురుసుకుంట చెప్పిండు, "నాన్నా, నడుమల పెద్ద దిగుడున్నది, అక్కడ ఏడేసి తొక్కితే అరవై దాటుత" అని. నాకు వాని మొకం కనబడలే. ఓంకార్ మొకం కనబడ్డది. "అన్నా, మస్తు ఉరుకుతది నీ బండి" అని చెయ్యూపి పోయినోడు. తెచ్చేటప్పుడు మనిషిని వేరేగ, బండిని వేరేగ తెచ్చిన్రు.

పొద్దున వాడు స్నానం చేసొచ్చే లోపట, బండికి నూనె ఏసినట్టు కూసోని, స్క్రూ రెండున్నర చుట్లు బిగించిన. ఐదుకు మించి పోకుండ. వాడు నెమ్మదిగ దిగుతడు, బతికి ఇంటికొస్తడు, అంతే నా మనసుల ఉన్నది.

వాడు నాలుగోవాడుగ వచ్చిండు. ముగ్గురిని తీసుకున్నరు. మూడోవాని కంటె తొమ్మిది సెకన్లు ఎనక. ఇంటికొచ్చి, "నాన్నా, ఏడెందుకు పడలే?" అని అడిగిండు. "కేబుల్ సాగిందిరా, పాతదయింది" అన్న. వాడు నన్ను జర సేపు చూసి బండిని లోపటికి తీసుకపోయిండు. మళ్ళ పోటీల మాట ఎత్తలే. ఇంజనీరింగ్ అన్నడు, కొలువన్నడు, పోయిండు. నేను నీకు కూడ కేబుల్ అనే రాసిన. పద్నాలుగేండ్లయినా నా నోట్లెకు ఇంకో అబద్ధం రాలే చూడు.

ఒకటి చెప్త, నమ్ముతవో లేదో. తప్పు చేసేటోడు ఎవడన్న దాని మీద గుర్తు పెడతడా? చెయ్యి అలవాటు బిడ్డా. బిగించిన, సీసా తీసిన, చుక్క పెట్టిన. వాడు బస్సు మీద బండి ఎక్కించుకొని పోయినంక చూసుకుంటే సీసా మూత నా చేతులనే ఉన్నది. మళ్ళ విప్పి చెరిపేద్దామంటే వాడు వచ్చినప్పటి సంది ఆ బండిని గదిల పెట్టి తాళమేసిండు, దాని మీద నన్ను చెయ్యి ఎయ్యనీయలే. వాడు ఆ చుక్కను చూసిండో లేదో ఇప్పటికి కూడ నాకు తెల్వదు. అడగలేదు.

చెవులు పోయిననాడు, నిజం రాస్తున్న, లోపల ఒక దిక్కు నిమ్మళమైంది. ఇగ వాడు అడిగినా నాకు వినపడదు కద అని. గంటన్నర దూరమైనా నేనెందుకు రానో అడిగినవు. ఇందుకు.

చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు. వెనక చక్రం పెడల్‌తోని తిప్పుకుంట, ఎడమకు నెమ్మదిగ రెండున్నర చుట్లు. ఎక్కువ తిప్పితే చైన్ బయట పడుతది, జాగ్రత్త. నువ్వు తిప్పకు. ఆ ఏసీ దుకాణపోడు కూడ వద్దు. వాడే తిప్పాలె. వాడు తిప్పకుంటే అట్లనే ఉండనీ.

నీ మామ,
బాలనర్సయ్య


కొండాపూర్,
4 ఆగస్టు

మామయ్యకు నమస్కారం.

మీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కవరు చింపి ఉంది, కాగితాలు డైనింగ్ టేబుల్ మీద ఉప్పు సీసా కింద పెట్టి ఉన్నాయి. బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది! పరిగెత్తి చూస్తే సైకిల్ పక్కన నేలమీద కూర్చుని ఉన్నారు. ఆ తలుపుకు ఇంకో తాళంచెవి ఉందట. మొదట్నుంచీ ఆయన దగ్గరే ఉందట. "మరి రోజూ నేను తాళం వేస్తుంటే ఊరుకున్నావే?" అంటే, "నీకు ధైర్యంగ ఉంటదని" అన్నారు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను మామయ్యా.

నిలబడే చదివాను మీ ఉత్తరం. చదువుతున్నంతసేపూ ఆయన నా మొహం వైపు చూడలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"పోటీ అయిన మూడో రోజే తెలుసు" అన్నారు. "తుడుద్దామని కూసున్న. చుక్క కొత్తగ మెరుస్తున్నది. మా నాన్న చుక్క నాకు తెల్వదా?"

"మరి ఇన్నేళ్ళు ఎందుకు అడగలేదు?"

"అడిగితే చెప్పేస్తుండె. చెప్తే ఇగ కోపం పెట్టుకునేందుకు నాకేం మిగులుతుండె?"

నాకర్థం కాలేదు. చైన్ మీద వేలు పెట్టి అటూ ఇటూ ఆడిస్తూ చెప్పారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"ఆ దిగుడుల నేను ఏడు ఎయ్యనే లేదు యశూ. దిగుడు మొదలుకాంగనే బాబాయి గుర్తొచ్చిండు. రెండు చేతులతోని బ్రేకులు పట్టుకున్న. నా ముందట్నుంచి పోరగాండ్లు రయ్యిన పోయిన్రు. తొమ్మిది సెకన్లు కాదు, ఇంకా ఎక్కువనే అక్కడ పోయినయి. కిందికొచ్చినంక, సాపు రోడ్డు మీద, ఆఖరుకు ఏడేసి చూసిన. పడలే. పడినా గెలిచెటోన్ని కాదు. మూడో రోజు ఆ చుక్క చూసినప్పుడు కోపం రాలేదు, సంతోషమైంది. ఓడింది నేను కాదు, మా నాన్న ఓడగొట్టిండు. పద్నాలుగేండ్లు దాని మీదనే బతికిన. మార్చిల కొలువు పోయిననాడు కూడ ఇంటికొస్తుంటే అదే గుర్తొచ్చింది. ఈసారి తప్పు ఎవని మీద పెట్టాలె అని చూసుకున్న, ఎవ్వడు దొరకలే."

స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయన పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయాను. శుక్రవారమంతా అది అక్కడే ఉంది. శనివారం కూడా అక్కడే ఉంది. నిన్న ఆదివారం మధ్యాహ్నం వాన పడుతుంటే, సైకిల్‌ని తలకిందులుగా పెట్టారు. చుక్కను గోటితో గీకారు. ఒక్కసారి కాదు, పెచ్చు పెచ్చుగా, నెమ్మదిగా. గోటికి అంటిన ఎరుపు వైపు కాసేపు చూసుకున్నారు. తర్వాత పెడల్ తిప్పుతూ స్క్రూ తిప్పారు. మీరన్నట్టే రెండున్నర చుట్లు, నేను లెక్కపెట్టాను. మీకు వినపడదు కాబట్టి చప్పుడు రాస్తున్నాను. ఆరు మీద పడేటప్పుడు టక్. ఏడు మీద పడేటప్పుడు ముందు చిన్నగా కిర్రుమంది, ఆ తర్వాత టక్‌మంది. తర్వాత చైన్ తిరుగుతున్నా ఏ చప్పుడూ లేదు.

వాన తగ్గాక కిందికి తీసుకెళ్ళారు. లిఫ్టులో ఎవరో ఉన్నారు, అయినా ఎక్కారు. గంటన్నరకు తడిసి ముద్దయి వచ్చారు. ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద సైకిల్ ట్రాక్ ఉంది, అక్కడిదాకా వెళ్ళారనుకుంటాను. ఎలా ఉందని అడిగాను. "పడుతున్నది" అన్నారు, అంతే. అంతకు మించి నేనేదో చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. ఈరోజు పొద్దున ఎనిమిది నలభైకి బస్సు హారన్ కొట్టింది, మళ్ళీ బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. మామయ్యను రమ్మని రాయనా అంటే "ఇప్పుడే వద్దు" అన్నారు. ఎప్పుడని నేను అడగలేదు. నేను మాత్రం ఈరోజు తాళం వేయకుండా ఆఫీసుకొచ్చాను. వేసినా వేయకపోయినా ఒకటేనని తెలిశాక ఎందుకు?

బ్రేకులు పట్టుకున్న సంగతి మీకు రాయొద్దని గట్టిగా చెప్పారు. ఇన్నేళ్ళు మీ ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచింది చాలు, నేను కూడా దాచలేను, అందుకే రాసేశాను. పొద్దున బయల్దేరుతూ అడిగాను, "నేను ఈరోజు ఉత్తరం రాస్తున్నాను. మరి మీ నాన్నకు ఏం రాయమంటావు?" అని.

తువ్వాలుతో సైకిల్ తుడుస్తున్నారు. తలెత్తకుండా, స్క్రూ ఉన్నచోట ఇంకోసారి తుడిచి, అన్నారు.

"కేబులే పాడయిందట, మార్చినం, ఇప్పుడు మంచిగ పడుతున్నదని రాయి."

మీ కోడలు,
యశస్విని